ముందు బంపర్‌కు లిప్ ఇంట్లోనే బిగించుకోవడం: టేపా, స్క్రూలా?

ఎర్రస్విఫ్ట్ (నిజాంపేట, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నా కారు 2019 నాటి స్విఫ్ట్. దాని ముందు బంపర్ అడుగున అమర్చడానికి మూడు ముక్కల ఏబీఎస్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) లిప్ ఒకటి, అంటే బంపర్ కింది అంచుకు బిగించే పట్టీ, తెప్పించుకున్నాను. పెట్టెలో నిగనిగలాడే నల్ల రంగు ముక్కలు మూడు, పన్నెండు స్క్రూలు, పలచటి రెండు వైపుల అంటుకునే టేపు చుట్ట ఒకటి వచ్చాయి గానీ, బిగించే విధానం రాసిన కాగితం మాత్రం రాలేదు. నా దగ్గర చిన్న డ్రిల్లు, స్క్రూడ్రైవర్ల పెట్టె, ఒక ఆదివారం ఉన్నాయి. బంపర్‌కు రంధ్రాలు పెట్టడానికి మనసు ఒప్పడం లేదు కాబట్టి టేపుతోనే సరిపెట్టుకోవచ్చునా అన్నది నా మొదటి సందేహం. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు కాస్త నిటారుగా ఉంటుంది, అక్కడ లిప్ తగులుతుందేమో అన్నది రెండోది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

బెజవాడరోడ్డు (సూర్యాపేట)

టేపు ఒక్కటే నమ్ముకున్నవాణ్ణి నేను, అందుకే వెంటనే రాస్తున్నాను. రెండేళ్ల క్రితం నా పాత హ్యాచ్‌బ్యాక్‌కు ఇలాంటి లిప్‌నే కేవలం టేపుతో అంటించాను. నాలుగు నెలలు చక్కగా ఉంది. మే నెలలో 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళుతుండగా మొదట ఎడమ చివర నుంచి డోలు మీద వేళ్లతో కొడుతున్నట్టు టపటపమనే చప్పుడు వినిపించింది. కిటికీ అద్దం సరిగా మూసుకోలేదేమో అనుకుని పట్టించుకోలేదు. పది కిలోమీటర్లు కూడా వెళ్లకముందే ఆ చివర ఊడి కిందికి వేలాడింది, గాలికి వెనక్కి మడతపడింది, నా ముందు టైరు కిందికే వెళ్లింది. ఆ లాగుడుకు మిగతా టేపు బంపర్ రంగును పెచ్చులు పెచ్చులుగా పీకేసింది. వెనక వస్తున్న బైకు అతను తప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ)

పై సోదరుడికి జరిగింది టేపు తప్పు అనను, టేపును ఒంటరిగా వదిలేసిన తప్పు అంటాను. నేను ఆటోనగర్‌లో బంపర్ల పని, పెయింటింగ్ పని ముప్ఫై ఏళ్లకు పైగా చేశాను. టేపు లిప్‌ను బంపర్‌కు హత్తుకుని ఉంచుతుంది, అదరకుండా చూస్తుంది. కానీ వేలాడకుండా మోసేది స్క్రూయే. ఒకటి లేకుండా రెండోది పెడితే ఏదో ఒక రోజు ఊడుతుంది.

ఎర్రస్విఫ్ట్ గారూ, ముందుగా మీ చేతిలో ఉన్న వస్తువు ఎలాంటిదో చూసుకోండి. ఏబీఎస్ గట్టిగా ఉంటుంది, రంగు బాగా పట్టుతుంది, కానీ దెబ్బ తగిలితే పగులుతుంది. ఫైబర్ లిప్ అంతకంటే పెళుసు, అంచులు పేళ్లు లేచి చెయ్యి కోస్తాయి, పైగా ఒక్క ఫైబర్ ముక్క కూడా అచ్చంగా బంపర్ వంపుకు కూర్చోదు, ఎక్కడో ఒకచోట అరగదీసి పుట్టీ పెట్టాల్సిందే. పాలీయురెథేన్ రబ్బరులా వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, మన రోడ్లకు అదే మంచిది, కాకపోతే ధర ఎక్కువ. దానికి రంగు వేయాలంటే సాగే గుణమున్న మందు కలపకపోతే రంగు పొరలుగా చిట్లుతుంది. మీ కారు బంపర్ మాత్రం వేరే జాతి. దాని లోపలి వైపు టార్చి వేసి చూస్తే రెండు బాణం గుర్తుల మధ్య పీపీ అనే అక్షరాలు అచ్చు పోసి కనిపిస్తాయి. అంటే పాలీప్రొపిలీన్. రంగు వేసిన భాగం మీద టేపు బాగా అంటుతుంది. కింద రంగు వేయకుండా వదిలేసిన గరుకు నల్ల భాగం మీద మాత్రం ప్రైమర్ (టేపు పట్టు కోసం ముందుగా పూసే మందు) పూయకపోతే ఏ టేపూ నిలవదు. తామరాకు మీద నీటిబొట్టులాగా జారిపోతుంది. లిప్ వచ్చి కూర్చునేది చాలా కార్లలో సరిగ్గా ఈ గరుకు భాగం మీదే.

ఇంకొక మాట. పెట్టెలో వచ్చిన పలచటి టేపును పిల్లల స్కూలు ప్రాజెక్టులకు ఇచ్చేయండి. 3ఎం విహెచ్‌బి లాంటి అక్రిలిక్ ఫోమ్ టేపు, మిల్లీమీటరు పైన మందం ఉన్నది కొనండి.

లెక్కల_మాస్టారు (రాజమహేంద్రవరం)

రెండో సందేహం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను అందుకుంటాను. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. అని కంపెనీ చెబుతుంది. ఆ అంకె కారు అడుగున అన్నిటికంటే కిందికి ఉన్న భాగం ఎత్తు. బంపర్ అంచు దానికంటే పైనే ఉంటుంది. ర్యాంపు ఎక్కేటప్పుడు మనకు కావలసింది ఆ ఎత్తు ఒక్కటే కాదు, ముందు టైరు నేలను తాకే చోటి నుంచి బంపర్ అంచుకు గీసిన గీత నేలతో చేసే కోణం.

మా ఇంటి కారును టేపుతో కొలిచి చెబుతున్నాను. టైరు నేలను తాకే చోటి నుంచి బంపర్ అంచు 62 సెం.మీ. ముందుకు ఉంది, నేల నుంచి 21 సెం.మీ. ఎత్తులో ఉంది. కోణం 18 డిగ్రీల పైచిలుకు వస్తుంది. దీనికి 5 సెం.మీ. కిందికి దిగి 2 సెం.మీ. ముందుకు పొడుచుకొచ్చే లిప్ కడితే 16 సెం.మీ. ఎత్తు, 64 సెం.మీ. దూరం అవుతాయి, కోణం 14 డిగ్రీలకు పడిపోతుంది. ఇది కారు కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క. ర్యాంపు మొదట్లో బ్రేకు నొక్కితే ముక్కు మరో 4 సెం.మీ. కిందికి వంగిందనుకోండి, 11 డిగ్రీలు కూడా మిగలవు. ఆరు అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు వాలు తొమ్మిదిన్నర డిగ్రీలు. అంటే తగలదు, కానీ వెంట్రుకవాసిలో తప్పించుకుంటారు. వెనక సీటులో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే ముక్కు కాస్త పైకి లేచి మేలే చేస్తుంది. ముందు ఇద్దరు భారీ మనుషులు కూర్చుంటే చెప్పలేను.

స్పీడ్ బ్రేకర్ల సంగతి వేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం అది 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, గంటకు 25 కి.మీ. వేగంతో సుఖంగా దాటగలగాలి. అలా కడితే ఏ లిప్పూ తగలదు. కానీ కాలనీల్లో ఎవరి ఇంటి ముందు వారు మిగిలిన సిమెంటుతో పోసుకునే గట్లు ఆ పుస్తకం చదివి పోసినవి కావు. మా వీధిలోని గట్టు ఎత్తు 15 సెం.మీ., వెడల్పు ఒక మూర.

కాబట్టి నా సలహా ఒక్కటే. లిప్ బిగించకముందే అదే లోతుకు అట్ట పెట్టె కోసి, మాస్కింగ్ టేపుతో బంపర్ కింద అంటించి, మీరు రోజూ వెళ్లే దారులన్నీ ఒక వారం తిరగండి. అట్ట అడుగు అంచుకు తడి ముగ్గుపిండి పూస్తే ఎక్కడ తగిలిందో సాయంత్రానికి తెలిసిపోతుంది. ఖర్చు సున్నా.

ఎర్రస్విఫ్ట్

మాస్టారూ, అట్ట ఆలోచన చాలా నచ్చింది, రేపే మొదలుపెడతాను. పాతకాపు గారూ, స్క్రూలు తప్పవంటే ఒప్పుకుంటాను. రంధ్రాలు ఎక్కడ, ఏ సైజులో పెట్టాలో కాస్త వివరంగా చెప్పండి. కారు కింద పడుకుని పని చేయడం నాకు ఇదే మొదటిసారి.

ఆటోనగర్_పాతకాపు

అయితే అసలు కారు కింద పడుకోవద్దు. ముందు చక్రాలను గట్టి చెక్క దిమ్మెల మీదికి ఎక్కించండి, హ్యాండ్‌బ్రేకు వేయండి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. ముందు నుంచి చాప మీద వాలి చేయగలిగిన పని ఇది. కారుతో వచ్చిన జాకీ మీద మాత్రం లేపి కిందికి తల పెట్టకండి, అది టైరు మార్చడానికి ఇచ్చినది.

బంపర్‌ను షాంపూతో కడిగి ఆరనివ్వండి. మైనం పాలిష్ గానీ సిరామిక్ కోటింగ్ గానీ ఉంటే టేపు పడే చోట తీసేయాలి. తరువాత మొబైల్ రిపేరు వాళ్లు వాడే ఐపీఏను (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) సగానికి సగం నీళ్లు కలిపి, నూలు పోగులు రాలని గుడ్డతో ఒకే దిశలో తుడవండి. తిన్నరు వాడితే బంపర్ రంగు, లిప్ రెండూ పాడవుతాయి. పెట్రోలుతో తుడిస్తే జిడ్డు పొర మిగిలిపోతుంది. పొద్దు పైకి ఎక్కాక, ప్లాస్టిక్ చేతికి గోరువెచ్చగా తగిలే వేళ ఈ పని మొదలుపెట్టాలి. డిసెంబరు తెల్లవారుజామున అంటిస్తే జిగురు పాకదు.

బంపర్ మధ్య బిందువు, లిప్ మధ్య బిందువు గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి రెండు వైపులకు పోవాలి. ఒక చివర నుంచి మొదలుపెట్టినవాళ్లకు అవతలి చివర రెండు వేళ్ల ఖాళీ మిగలడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మొదట టేపు పొర ఊడదీయకుండా మాస్కింగ్ టేపుతో మొత్తం నిలబెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. కంటికి వంకరగా ఉంటే కొలతలో కూడా వంకర ఉన్నట్టే.

రంధ్రాలన్నీ బంపర్ అడుగున లోపలికి మడిచిన అంచు మీదనే పెట్టాలి, నిలువు ముఖం మీద ఒక్కటి కూడా వద్దు. ముందు 3 మి.మీ. బిట్టుతో బంపర్‌లో దారి చేసుకోండి. బిట్టుకు ఒక సెంటీమీటరు దగ్గర టేపు చుట్టండి, అంతకు మించి లోపలికి పోకూడదు. ఆ వెనక ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్, పక్కన ఫాగ్ లైటు వైరు ఉంటాయి. కొత్త కార్లలో బంపర్ వెనక రాడార్ ఉంటే ఆ దరిదాపులకు పోవద్దు. పెట్టెలో వచ్చిన స్క్రూలు ఒక్క వర్షాకాలానికే తుప్పు పడతాయి. వాటి బదులు స్టెయిన్‌లెస్ స్క్రూలు, వెడల్పు వాషర్లు తీసుకోండి. చేత్తోనే బిగించండి, మిషనుతో బిగిస్తే ప్లాస్టిక్ మర ఒక్క తిప్పుకే అరిగిపోతుంది. అలా అరిగిన చోట ఇంకా లావు స్క్రూ దింపే పని వద్దు, యూ ఆకారపు ఇనుప క్లిప్పు తొడిగితే సరిపోతుంది.

లిప్ వైపు మాత్రం గుండ్రటి రంధ్రం కాకుండా, పక్కలకు కాస్త సాగిన గాడి చేయండి. ఎందుకో మాస్టారు లెక్క కట్టి చెబుతారు.

లెక్కల_మాస్టారు

చెబుతాను. ఏబీఎస్ ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి సుమారు 0.08 మి.మీ. సాగుతుంది. తెల్లవారి చలికీ, మే నెల మధ్యాహ్నం ఎండలో కాలే నల్ల ప్లాస్టిక్‌కూ మధ్య 40 డిగ్రీల తేడా అనుకుంటే, 1.6 మీటర్ల ఏకఖండం లిప్ 5 మి.మీ. పైగా సాగాలని చూస్తుంది. బంపరూ సాగుతుంది గానీ, అది వేరే పదార్థం, రంగు వేరు, రోడ్డు సెగ తగిలే తీరు వేరు కాబట్టి రెండూ అడుగులో అడుగు వేయవు. రెండు చివరలా గుండ్రటి రంధ్రాల్లో బిగించేస్తే ఆ తేడా ఎక్కడికీ పోలేక మధ్యలో ఉబ్బుతుంది, లేదా స్క్రూ చుట్టూ పగులు పుడుతుంది. బెజవాడరోడ్డు గారి టేపు మే నెలలోనే వదిలేయడం నాకు ఆశ్చర్యంగా లేదు. మూడు ముక్కల లిప్‌లో ఒక్కో ముక్క అర మీటరు పైచిలుకే కాబట్టి అతుకు దగ్గర ఒకటిన్నర, రెండు మి.మీ. ఖాళీ ఉంటే చాలు. చూడటానికి ఏకఖండం అందంగా ఉంటుందన్నది నిజమే, కానీ తగిలినప్పుడు ఒక ముక్క మార్చుకుంటే పోయే సౌకర్యం దానికి లేదు.

నల్లకోటు (కర్నూలు)

అందరూ పనితనం గురించి చెబుతున్నారు గనుక నేను చట్టం గురించి రెండు మాటలు చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం, చట్టం అనుమతించని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చునని అంటుంది. ముందు అమర్చే ఇనుప బుల్ బార్ల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది.

ప్లాస్టిక్ లిప్ ఆ కోవలోకి వస్తుందా అంటే, ఆర్‌సీలో రాసిన ఏ వివరమూ దీనితో మారదు అనే వాదన బలంగానే ఉంది. అయినా రోడ్డు మీద ఆపిన అధికారికి మీ వాదన వినే తీరిక ఉండకపోవచ్చు. అంచులు పదునుగా ముందుకు పొడుచుకురాకుండా, నంబరు ప్లేటుకు గానీ, కారును లాగే కొక్కెం మూతకు గానీ అడ్డం రాకుండా చూసుకోండి. బీమా కంపెనీకి ఒక ఈమెయిలు పంపి జవాబు దాచుకోండి. ఎప్పుడైనా ముందు భాగం దెబ్బతిని క్లెయిము పెట్టినప్పుడు సర్వేయరు మొదట చూసేది ఫ్యాక్టరీ నుంచి రాని వస్తువునే.

గాలివాటం (విశాఖపట్నం)

ఇంత శ్రమ పడి బిగిస్తే లాభం ఏమిటని ఒక్కరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. పందేల కార్లలో దీనికి అర్థం ఉంది. 1972 మోడల్ పోర్షా 911 ఎస్‌కు ముందు బంపర్ కింద చిన్న స్పాయిలర్ పెట్టింది, ఎక్కువ వేగంలో ముందు చక్రాలు తేలికపడకుండా ఉండటానికే. కారు కిందికి దూరే గాలిని తగ్గిస్తే పైకి లేపే బలం తగ్గుతుంది. ఆ బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 120లో ఉన్న ప్రభావంలో నాలుగో వంతు మాత్రమే 60లో ఉంటుంది. నిజాంపేట సందుల్లో 30కి మించి వెళ్లని కారుకు లిప్ చేసే మేలు సున్నా. అందం కోసమైతే నాకు అభ్యంతరం లేదు, ఆ మాట ఒప్పుకోండి చాలు.

ఎర్రస్విఫ్ట్

గాలివాటం గారూ, అందం కోసమే. సందేహం లేకుండా ఒప్పుకుంటున్నాను.

డాలస్_బాబాయి (డాలస్, టెక్సాస్)

ఇక్కడి రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్ల బెడద తక్కువే గానీ, పార్కింగులో ప్రతి గడి చివరా చక్రం ఆగడానికి పెట్టే కాంక్రీటు దిమ్మె ఉంటుంది. నా సివిక్‌కు ఏబీఎస్ లిప్ పెట్టుకున్నాను. దిమ్మె దాకా వెళ్లేటప్పుడు పైనుంచి దాటిపోయింది. బయటికి తీసేటప్పుడు లిప్ వెనక అంచు దిమ్మెకు కొక్కెంలా పట్టుకుని, బంపర్ ఎడమ మూలను క్లిప్పుల నుంచి ఊడబెరికింది. ముందుకు వెళ్లేటప్పటి గీతకు రంగు పోతుంది, వెనక్కి వచ్చేటప్పటి పట్టుకు బంపరే పోతుంది. అప్పటి నుంచి ఎక్కడైనా దిమ్మెకు ఒక అడుగు ముందే ఆపుతున్నాను. ఇప్పుడున్నది మెత్తని రబ్బరు పట్టీ, తగిలితే వంగి ఊరుకుంటుంది. చూపులకు అంత బాగుండదని మా అబ్బాయి రోజూ అంటాడు.

ఎర్రస్విఫ్ట్

పన్నెండు రోజుల తరువాత వచ్చి వివరం చెబుతున్నాను.

అట్టతో ఆరు రోజులు తిరిగాను. సెల్లార్ ర్యాంపు దిగేటప్పుడు తగల్లేదు, ఎక్కేటప్పుడూ తగల్లేదు. తగిలింది నేను ఊహించని చోట. ర్యాంపు చివర వర్షపు నీళ్లు పోవడానికి వేసిన ఇనుప జాలీ నేల మట్టానికి రెండు వేళ్లు పైకి లేచి ఉంది. ముందు చక్రం ర్యాంపు నుంచి సమతలానికి దిగే క్షణంలో కారు ముక్కు వంగి, సరిగ్గా దాని మీదికి వస్తుంది. జాలీ అంచు మీద తెల్లటి ముగ్గుపిండి గీత జానెడు పొడవున స్పష్టంగా పడింది. మూడు రోజులు అదే చోట, అదే గీత. వాచ్‌మన్ దాన్ని చూసి ఎవరో ముగ్గు వేయబోయి ఆపేశారని అనుకున్నాడట. అసోసియేషన్ వారికి చెప్పి జాలీని కిందికి దించే లోపు నెల పడుతుంది కాబట్టి, లిప్‌ను రెండు సెంటీమీటర్లు వెనక్కి, ఒకటిన్నర సెంటీమీటరు పైకి జరిపి కూర్చోబెట్టాను. దానికోసం లిప్ పై అంచును గీటు పెట్టి అరగదీయాల్సి వచ్చింది, అదే రెండు గంటల పని అయింది.

మిగతాదంతా పాతకాపు గారు చెప్పిన వరుసలోనే చేశాను. గరుకు భాగం మీద ప్రైమర్ పూశాను, మధ్య నుంచి చివరలకు వెళ్లాను, తొమ్మిది స్క్రూలు వేశాను. కుడి చివర 4 మి.మీ. ఎడం మిగిలితే మా ఇంటావిడ హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, మెత్తబడ్డాక చేత్తో నొక్కి, చల్లారేదాకా పట్టుకున్నాను. ఏబీఎస్ ఇంత తేలిగ్గా మాట వింటుందని అనుకోలేదు. టేపు పూర్తి బలం పట్టడానికి మూడు రోజులు పడుతుందని చదివి, కారును మూడు రోజులు కదపలేదు, కడగలేదు. ఆఫీసుకు మెట్రోలో వెళ్లాను. నిన్న అవుటర్ రింగు రోడ్డు మీద వంద దాకా నడిపితే చప్పుడు లేదు. ఫొటోలు జతచేస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

బెజవాడరోడ్డు

చాలా నీటుగా వచ్చింది. నా పాత కారును తలుచుకుంటే కొంచెం కుళ్లుగా కూడా ఉంది.

ఆటోనగర్_పాతకాపు

పని శుభ్రంగా ఉంది, అరగదీసిన అంచు కూడా కనిపించడం లేదు. అయితే మూడో ఫొటోలో చక్రం వైపు చివరి స్క్రూ చూడండి. దాన్ని మీరు బంపర్ మడత అంచులోకి మాత్రమే కాకుండా, పక్కనే ఉన్న ఫెండర్ లైనర్‌ను (చక్రం గూడు లోపలి ప్లాస్టిక్ కవచాన్ని) కూడా కలిపి దింపినట్టున్నారు. స్క్రూ మొన లైనర్ దాటి లోపలికి వచ్చి ఉంటుంది. వెంటనే స్టీరింగును చివరిదాకా ఒక వైపుకు తిప్పి, టైరు గోడకూ ఆ మొనకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చేత్తో చూడండి. తరువాత రెండో వైపు కూడా. నిలబడి ఉన్నప్పుడు ఉన్న ఖాళీ గుంటలో పడినప్పుడు ఉండదు.

ఎర్రస్విఫ్ట్

ఇప్పుడే సెల్లార్‌కు వెళ్లి చూసి వచ్చాను. కుడి వైపు ఫర్వాలేదు. ఎడమ వైపు స్టీరింగు పూర్తిగా తిప్పితే మొనకూ టైరుకూ మధ్య నా చిటికెన వేలు పట్టలేదు. టైరు పక్క గోడ మీద సన్నటి గీత అప్పుడే ఒకటి మొదలైంది, గోరు పెట్టి చూస్తే లోతు లేదు. ఆ రెండు స్క్రూలనూ తీసేసి, వాటి స్థానంలో లైనర్‌కు వాడే ప్లాస్టిక్ పుష్ క్లిప్పులు పెట్టాను. క్లిప్పు తల మొద్దుగా ఉంటుంది కాబట్టి తగిలినా కోయదు. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక మిగతా ఏడు స్క్రూల బిగువు, ఆ టైరు గీత, రెండూ చూసి ఇక్కడే రాస్తాను.